గాలి ఆడని గోడ

“తాళం ఎవడి జేబులో ఉంటే దొంగతనం వాడిదేనండీ మాస్టారూ. పాతికేళ్ళు పోలీసు డిపార్ట్‌మెంటులో కాళ్ళరిగేలా తిరిగినోణ్ణి, నాకు మీరు కొత్తగా నేర్పేదేముంది?”

రామచంద్రరావు ఈ మాట అనేసి గుర్రపుశాల గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఏలూరులో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, ఖతార్‌లో ఈ షేక్ గారి పాత తోట ఇంటికి సెక్యూరిటీ మేనేజరుగా వచ్చి పడ్డ మహానుభావుడు. ఒంటి మీద ఖాకీ పోయి సఫారీ సూటు వచ్చింది గానీ, ఆ నిలబడే తీరు మాత్రం పోలేదు.

“నేర్పడానికి రాలేదండీ బాబూ, చూడ్డానికొచ్చాను. మీరు కాస్త జరిగితే చూస్తాను,” అన్నాను.

“చూడ్డానికేముందండీ? ఒకటే గది, ఒకటే తలుపు. కిటికీ లేదు. ఉన్న ఒక్క తాళం రసూల్ గాడి నడుముకి వేలాడతా ఉంటది. ‘నౌకరు దొంగతనం’ అని మీరో ముక్క రాసి పారేస్తే షేక్ గారి నష్టం మీ బీమా కంపెనీ కట్టేస్తది. మీకూ నాకూ పనైపోద్ది.”

“నాకంత తొందరేం లేదు.”

“నాకుంది. సాయంత్రపు అసర్ నమాజు దాకా టైమిచ్చారు షేక్ గారు. ఆ తర్వాత వాణ్ణి పోలీసులకి అప్పజెప్పేస్తాను.” గుమ్మంలోంచి జరుగుతూ ఓ నవ్వు నవ్వాడు. “ఈలోపల మీ ఇష్టం. ఎండలో మాడండి.”

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ లూర్దమ్మ రోజూ దెప్పుతుంది. ఆ పూట మాత్రం గుటక వేసి మింగేశాను. నేను నోరు పారేసుకుంటే నష్టపోయేది నేను కాదు, దాణా గదిలో గొళ్ళెం వెనక కూర్చున్న రసూల్.

సంగతి ఇదీ. షేక్ గారి తాతగారు ముత్యాల వ్యాపారి. తన మనుషులు సముద్రంలో మునిగి తెచ్చిన ముత్యాల్లో మంచివి ఏరి, తన గుర్రానికి ఒక కళ్ళెం కుట్టించాడు. పెళ్ళిళ్ళకీ పండగలకీ ఆ కళ్ళెం పెట్టిన గుర్రం ముందు నడవాల్సిందే. దానికి బీమా చేసింది మా కంపెనీ. బీమా ముందు వచ్చి చూసి విలువ కట్టిన సర్వేయర్ని నేనే, అంటే జోజిబాబుని. ఆ కళ్ళెం మొన్న శుక్రవారం జుమ్మా నమాజు వేళ జీనుల గదిలోంచి మాయమైంది.

గుర్రాలు చూసే రసూల్‌ది కడప పక్క పల్లె. పెళ్ళాం హుస్సేన్‌బీ ఇదే ఇంట్లో వంట చేస్తుంది. కేసు పోలీసులదాకా పోతే మొగుడు జైలుకి, పెళ్ళాం విమానానికి. పదేళ్ళ కష్టం ఇసకలో పోసినట్టే.

కంపెనీ నన్ను వచ్చే శనివారం వెళ్ళమంది. మంగళవారమే పరిగెత్తుకొచ్చానంటే కారణం నాగూర్. నా డ్రైవరు, హుస్సేన్‌బీకి సొంత తమ్ముడు. “నాకు అమ్మా అక్కా రెండూ ఆమే సార్. బావ జైలుకు పోతే అది బతకదు. మీరు ఒక్కసారి వచ్చి చూడండి సార్, మీ కంటికి అబద్ధం దాగదు,” అని నిన్న స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. వాడు ఏడిస్తే నేను తట్టుకోలేను. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నన్ను భుజాన వేసుకుని మూడంతస్తులు దింపినవాడు వాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా ఇంట్లో లూర్దమ్మ చేతి ముద్ద తినని ఆదివారం లేదు. కడప వెళ్ళి సొంతంగా టూరిస్టు బండ్లు తిప్పుకోవాలని వాడి కల. ఆ కబుర్లన్నీ నాకే చెప్పేవాడు. తమ్ముడి కిందే లెక్క.

పొద్దున మేం వచ్చేసరికి గేటు దగ్గర కాపలావాళ్ళు బయటికి పోతున్న పాలవ్యాన్ సీట్లు పీకించి మరీ వెతుకుతున్నారు. శుక్రవారం నుంచీ పనివాళ్ళ సంచులూ చెప్పులూ కూడా వదలట్లేదు. మా కారు చూసి మాత్రం సలాం కొట్టి పక్కకి తప్పుకున్నారు. వచ్చేటప్పుడైనా పోయేటప్పుడైనా అతిథి బండి మీద చెయ్యి వెయ్యడం ఆ ఇంట్లో పెద్ద తప్పు. తాతగారి నాటి ఆచారం.

నాగూర్ కారుని గుర్రపుశాల పడమటి గోడకి ఆనించినట్టు పెట్టాడు. పొద్దుటి పూట అక్కడే నీడ. మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం ప్లాస్టిక్ కవర్లో పట్టుకు దిగాడు.

“మీ అక్క కుట్టిన సంచి ఏదిరా? అది లేందే నీకు అన్నం దిగదుగా?” అన్నాను. పాత చీరముక్కలూ బావ లుంగీ పీలికలూ కలిపి, ఎర్రదారంతో బొంతలా కుట్టిన సంచి అది. నాలుగేళ్ళుగా నా కారు ముందు సీట్లో నాకంటే దర్జాగా కూర్చుంటోంది.

“ఉతకడానికి వేసినా సార్,” అన్నాడు.

*

హుస్సేన్‌బీ వంటింటి వెనక నిలబడి నా కోసమే చూస్తోంది. నన్ను చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఏడవకమ్మా. అడిగిందానికి చెప్పు. శుక్రవారం రసూల్ నమాజుకి వెళ్ళాడా?”

“పోయినాడు సార్. పోతా నాకు చెప్పే పోయినాడు. వచ్చి నా చేత్తోనే అన్నం తిన్నాడు. దొంగతనం చేసినోడు అట్ల తింటాడా సార్? రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు.”

“తాళం?”

ఆమె చూపు కిందికి దిగింది. “ఎప్పుడూ నడుముకే ఉంటాది. ఆ పొద్దు నేను చూల్యా.”

“ఇంకెవరైనా ఆ పూట ఇక్కడ ఉన్నారా?”

“పనోళ్ళు ఉన్నారు. మా నాగూర్ గూడా నన్ను చూసేకి వచ్చినాడు. సెలవు గద.” ఉన్నట్టుండి వంగి నా కాళ్ళు పట్టుకోబోయింది. “సార్, ఆయన్ను విడిపిచ్చండి. మీ పేరు చెప్పుకోని దీపం పెట్టుకుంటా. మీ మేలు సచ్చేదాకా మరవను.”

“లే అమ్మా, లే. విడిపిస్తాను,” అనేశాను. సర్వేయరు అనకూడని మాట అది. అయినా అన్నాను.

దాణా గదిలో రసూల్ గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. పక్క గదుల్లో గుర్రాలు కాళ్ళు తన్నుతుంటే ఒక్కొక్క దాన్ని పేరు పెట్టి గోడవతల నుంచే ఊరుకోబెడుతున్నాడు.

“రసూల్, జుమ్మా వేళ తాళం ఎవరికిచ్చావు?”

“యారికీ ఇయ్యల్యా సార్. నా దగ్గరే ఉండె.”

“నీ దగ్గరే ఉంటే దొంగవి నువ్వే అవుతావు. తెలుస్తోందా?”

“తెలుస్తాంది సార్.”

“మరి?”

తల అటు తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. “ఒరే నాయనా, నీ పెళ్ళాం అక్కడ నా కాళ్ళ మీద పడుతోంది. నువ్విక్కడ ఎవణ్ణో నెత్తిన పెట్టుకుని మోస్తున్నావు. అసర్ దాకానే టైముంది. మీ మేనేజరు ఎదురుచూస్తున్నాడు.”

గోడవతల తన్నిన గుర్రాన్ని పేరు పెట్టి పిలిచాడు. ఇతను దొంగ కాదని నాకు అప్పుడే అర్థమైంది. దొంగకి పది కథలుంటాయి. ఇతని దగ్గర ఒక్కటీ లేదు.

*

మధ్యాహ్నపు జొహర్ నమాజుకి పిలుపు వినబడింది. కాపలావాళ్ళు, తోటపనివాళ్ళు చెప్పులు విడిచి మసీదు వైపు నడిచారు. నాగూర్ కూడా వెళ్ళే ఉంటాడనుకున్నాను. రామచంద్రరావు భోజనానికి లేచాడు. జీనుల గది తాళం నా చేతిలో పడేసి, “భూతద్దం పెట్టి వెతుక్కోండి మాస్టారూ,” అన్నాడు.

వెతకాల్సింది వస్తువులు కావు, గోడలు. బీమా సర్వేకి వచ్చినప్పుడే ఈ గుర్రపుశాల కట్టుబడి నా కంటికి బాగా ఆనింది. సముద్రపు రాయిని జిప్సంతో పేర్చిన మందపాటి గోడలు. పైన మడచెట్ల వాసాలు, వాటి మీద వెదురు చాప, ఆ పైన మట్టి. ఒకే వరసలో గదులు, వాటి ముందు వసారా. ఎండా ఇసకా పడకుండా ఏ గదికీ కిటికీ లేదు. గాలి మాత్రం గోడలోంచే వస్తుంది.

అదెలాగో చెప్తాను. పడమటి గోడని ప్రతి గది దగ్గరా కొంతమేర రెండు పలుచని పలకలుగా కట్టి, మధ్యలో జానెడు సందు వదిలారు. బయటి పలకకి బాగా ఎత్తున ఒక చీలిక. లోపలి పలకకి మాత్రం నడుమెత్తున ఒక చీలిక. బయట వీచే గాలి పైచీలికలో దూరి, సందులోంచి కిందికి జారి, లోపలి చీలికలోంచి గుర్రం ముఖానికి తగులుతుంది. కరెంటు లేని కాలంలో గుర్రాలకి ఏసీ అన్నమాట. ఇప్పుడు పాత ఇంటిని బాగు చేయిస్తున్నారు గనక, ఈ చీలికలన్నీ దుమ్ము దులిపి తెరిచి పెట్టాలని ఇంజనీరు గట్టిగా చెప్పాడు. ఆ మాట నా ముందే చెప్పాడు.

వరసగా ఒక్కో గదిలోకీ వెళ్ళి చీలిక ముందు చెయ్యి పెట్టాను. ప్రతిచోటా గాలి వేళ్ళకి చల్లగా తగిలింది. చివరన ఉన్న జీనుల గది తలుపు తీయగానే ఉక్క ముఖాన కొట్టింది. తోలు బూజు పట్టిన వాసన. మూడు వారాల కింద నేనొచ్చినప్పుడు ఈ గదిలో గాలికి నా కాగితాలు ఎగిరిపోతే పట్టుకోలేక తిట్టుకున్నాను.

టార్చి వేశాను. చీలిక ఉండాల్సిన చోట గోడ నున్నగా ఉంది. ఎవరో మూసేశారు.

చేత్తో తడిమాను. గోడ చెమ్మగా ఉంది. గోరు గుచ్చితే ముద్దలోకి దిగినట్టు దిగింది. అంచులవెంట ఉప్పు పొంగి తెల్లగా పొట్టు లేస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మా నాన్న ఫిరంగిపురంలో తాపీమేస్త్రి. చర్చి లోకప్పులకి జిప్సం పువ్వులు పోసిన చెయ్యి ఆయనది. పోసిన పువ్వు మీద చిన్నప్పుడు నేను నీళ్ళు చల్లానని చెవి మెలేసి చెప్పాడు: సిమెంటుకి నీళ్ళు ప్రాణంరా, జిప్సానికి నీళ్ళు పగ. ఒకటి తాగితే గట్టిపడుతుంది, ఇంకోటి తాగితే కుళ్ళుతుంది.

ఇక్కడ జిప్సం పని చేసేది ఇరానీ ఉస్తాద్. ఆయన చచ్చినా దానికి నీళ్ళు కొట్టడు. ఈ గోడ మూసింది సిమెంటు చెయ్యి. జిప్సంతోనే మూసి, సిమెంటు అలవాటు కొద్దీ మర్నాడు వచ్చి శుభ్రంగా నీళ్ళు కొట్టి పోయింది. ఉస్తాద్ కింద సిమెంటు మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. జగిత్యాల పక్క మనిషి, రాజన్న.

గోడకి చెవి ఆనించి వేలితో కొట్టి చూశాను. డొల్ల. అదే క్షణంలో లోపల ఏదో పైకి గీసుకుంటూ పోయినట్టు సన్నని చప్పుడు వినిపించింది. సందులో పావురాలు గూళ్ళు పెట్టడం మామూలే. పావురం అనుకుని వదిలేశాను. ఆ ఒక్క క్షణం బయటికి పరిగెత్తి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

*

“గోడకి నీళ్ళు కొట్టడానికి రాజన్నకి తాళం ఇచ్చావు. అవునా?”

రసూల్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. “సార్, వానికేం తెల్దు! వాన్ని పట్టకండి సార్!”

“పట్టనులే. చెప్పు.”

“జుమ్మాకు పోతాంటే గదిలో చిన్న పనుందని అడిగినాడు. ఇచ్చినా. మర్నాడు పొద్దున, నన్నింకా ఈ గదిలో ఏయకముందే, నీళ్ళు కొట్టాల అని మళ్ళ అడిగినాడు. తాళం ఇంకొకరి చేతికి ఇయ్యకూడదని షేక్ ఆర్డర్ సార్. వాని పేరు చెప్తే వాన్ని గూడా ఈ గదిలోనే ఏస్తారు. నాకు జొరం వచ్చినప్పుడు లేబర్ క్యాంప్ నుంచి నడుచుకుంటా వచ్చి గంజి కాచి పోసినోడు. వాడు దొంగ కాదు సార్, నా మీద ఒట్టు.”

గంజి పోసినవాడి కోసం జైలుకి పోతానంటున్నాడు. ఇలాంటివాణ్ణి పట్టుకుని దొంగ అన్న రామచంద్రరావు మీద నాకు మళ్ళీ మంట లేచింది. నేరుగా వెళ్ళి ఆయన్ని భోజనం ముందునుంచి లేపాను.

“ఉలీ సుత్తీ తెప్పించండి. రాజన్నని పిలవండి. కళ్ళెం ఈ గది దాటి పోలేదు.”

“గోడ పగలగొడతారా? తాతగారు కట్టించిన గోడ! నష్టం ఎవడు కడతాడు?”

“కళ్ళెం దొరక్కపోతే నా జీతంలో పట్టుకోండి. దొరికితే మాత్రం ఆ సఫారీ సూటు విప్పేసి గుర్రాలకి దాణా పెట్టండి.”

“మాటలు జాగ్రత్తండోయ్ జోజిబాబుగారూ!”

“గోడ దగ్గర మాట్లాడుకుందాం, రండి.”

మధ్యాహ్నం రెండు దాటాక రాజన్న వచ్చాడు. నల్లగా, పొట్టిగా, చేతి వేళ్ళ సందుల్లో ఎండిన సిమెంటుతో. గోడ వైపు చూసి గతుక్కుమన్నాడు గానీ నేననుకున్నంత భయపడలేదు.

“ఇది నువ్వే మూశావా?”

“నేనే మూసిన సారూ.”

“నీళ్ళు?”

“కొట్టిన. పని జేసి నీల్లు గొట్టకుంటె పగుల్తది గద.”

“కొట్టు. పగలగొట్టు.”

మెత్తబడ్డ జిప్సం మూడు దెబ్బలకే ఊడి పడింది. ఆ చప్పుడులోనే నాగూర్ నా కోటు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. “షేక్ గారు ఇట్లనే వస్తాండారంట సార్. కోటేసుకోండి.” తొడిగి, భుజాలు సర్ది, కాలరు సరిచేశాడు. వాడి చొక్కా చేతికి తెల్లపొడి అంటి ఉంది. ఈ గుర్రపుశాలలో ఏ గోడకి ఆనుకున్నా అంతే కదా అనుకున్నాను.

టార్చి పట్టుకుని సందులోకి తొంగి చూశాను.

ఖాళీ.

రామచంద్రరావు నా భుజం మీదుగా చూసి చప్పట్లు కొట్టాడు. “శభాష్! గోడ పాయె, కళ్ళెం పాయె. ఇప్పుడు దాణా ఎవరు పెడతారండీ?”

సందులో ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ములో కింద ఏదో పెట్టిన అచ్చు ఉంది. అక్కడినుంచి పైచీలిక దాకా తాజాగా గీసిన చార. ఎవరో పైనుంచి తాడుతో లాగేశారు. నేను విన్నది పావురం కాదు. అచ్చు పక్కన రాతికి చిక్కుకుని దారప్పోగు ఒకటి. టార్చి దగ్గరికి తెచ్చాను. ఎర్రదారం. బొంతకుట్టుకి వాడే మందపాటి దారం.

వెనక్కి తిరిగాను. గుమ్మంలో నాగూర్ లేడు.

“రాజన్నా,” అన్నాను. “ఈ చీలిక మూయమని నీకు ఎవరు చెప్పారు?”

రాజన్న నావంక వింతగా చూశాడు. “మీరే మూయమన్నరంట గద సారూ!”

“నేనా?”

“మీ డ్రైవర్ నాగూరే జెప్పిండు. ‘సర్వేయర్ సారు ఈ సందులకెళ్ళి దుమ్మొస్తుంది, సామాన్ ఖరాబైతది, మూసెయ్యమన్నడు’ అన్నడు. మాల్ కలుపుకరాను నేను బయటికి పోయిన, గాయన గీడనే ఉన్నడు. అచ్చి మూసిన. నాకేమెర్క?”

రామచంద్రరావు చప్పట్లు ఆపేశాడు. నావైపు చూస్తున్న ఆ కళ్ళల్లో వెటకారం పోయి పాత సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. “ఓహో,” అన్నాడు మెల్లగా. “విలువ కట్టిందీ మీరే. మూయించిందీ మీరే. ఇప్పుడు అందరి ముందూ పగలగొట్టించిందీ మీరే.”

*

బయటికి పరిగెత్తాను. పడమటి గోడ కింద నీడ ఎప్పుడో పోయింది, కారు కూడా లేదు. పైచీలిక అంచు కొత్తగా చెక్కుకుపోయి ఉంది. కారు కప్పు మీద నిలబడితే చెయ్యి సరిగ్గా అందేంత ఎత్తు. కిందంతా తెల్లపొడి.

ఎంత వెర్రివాణ్ణి నేను! శుక్రవారం రాజన్న బయటికి పోయినప్పుడు కళ్ళెం తీసి సంచిలో పెట్టి, పైచీలికలోంచి ముందే వేలాడదీసిన తాడుకి కట్టి సందులో దింపి, రాజన్నతోనే మూయించాడు. గేటు దగ్గర చీమని కూడా వదలట్లేదు గనక బయటికి తేలేకపోయాడు. సోదా లేకుండా గేటు దాటే బండి ఒక్కటే ఉంది. దానికోసమే స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. మీ కంటికి అబద్ధం దాగదు సార్ అన్నాడు. నా కంటి ముందే ఏడ్చాడు వెధవ. అది చూసి నేను లూర్దమ్మ చేత వాడికి వేడి వేడిగా కాఫీ పెట్టించాను.

కారు గేటు దగ్గర బయటికి ముఖం పెట్టి ఉంది. కప్పు మీద తెల్లటి చెప్పుల అచ్చులు. నాగూర్ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. “యల్లా సార్, పోదాం. లేటైతాంది.”

షేక్ గారు అప్పుడే వచ్చారు. తెల్లటి దుస్తుల్లో పొడుగాటి మనిషి. రామచంద్రరావు ఆయన చెవిలో ఏదో చెప్పి కారు వైపు చెయ్యి చూపించాడు. ఆయన ముఖం చిట్లించి తల అడ్డంగా ఊపారు. అతిథి బండి. ముట్టుకోవద్దన్నారు.

నేను ఎక్కి కూర్చుంటే చాలు. గేటు తెరుచుకుంటుంది. రోడ్డెక్కాక నాగూర్ పీక పట్టుకోవచ్చు, కళ్ళెం వెనక్కి పంపొచ్చు, నా పేరు ఎక్కడా రాదు. కానీ దూరంగా మసీదు దగ్గర అసర్‌కి చాపలు పరుస్తున్నారు. నేను వెళ్ళిన మరుక్షణం రసూల్‌ని పోలీసుల జీపెక్కిస్తారు. వంటింటి గుమ్మంలోంచి హుస్సేన్‌బీ నావైపే చూస్తోంది. విడిపిస్తానని మాటిచ్చాను.

“డిక్కీ తెరవండి,” అన్నాను.

రామచంద్రరావు నమ్మలేనట్టు చూశాడు.

“నేనే చెప్తున్నాను కదండీ. అతిథినే అడుగుతున్నాను. తెరవండి. కళ్ళెం అందులో ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నా డ్రైవరు. నాగూర్, తాళం ఇవ్వు.”

నాగూర్ ముఖంలో రంగు పోలేదు. అదే నన్ను చంపింది. నాలుగేళ్ళుగా నేను చూసిన అదే ముఖం, అదే వినయం.

“తాళం మీ దగ్గరే ఉంది గద సార్,” అన్నాడు.

కోటు జేబులో చెయ్యి పెట్టాను. వేళ్ళకి చల్లగా తగిలింది.

తాళం ఎవడి జేబులో ఉంటే దొంగతనం వాడిదే. ఆ మాట రామచంద్రరావు పొద్దున్నే అనేశాడు.

డిక్కీ నేనే తెరిచాను. స్పేర్ టైరు వెనక, నా పాత గొడుగు కింద, నైలాను తాడు చుట్టిన బొంతకుట్టు సంచి. విప్పితే ముత్యాలు ఎండలో మెరిశాయి. షేక్ గారు కళ్ళెం రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత రసూల్‌ని వదిలేయమని చేత్తో సైగ చేశారు.

“వీడే! వీడే పెట్టాడు!” అరిచాను. “రాజన్నని అడగండి!”

“సార్ చెప్పిందే నేను రాజన్నకు చెప్పినా,” అన్నాడు నాగూర్ నేలవైపు చూస్తూ. “మూయమంటే మూయించినా, తెమ్మంటే తెచ్చినా. డ్రైవర్ని. సార్ మాట కాదంటే నా డ్యూటీ ఉంటాదా?”

“ఒరే నాగూర్...” చెయ్యెత్తబోతే కాపలావాళ్ళు ఇద్దరు పట్టుకున్నారు.

అప్పుడే నాకు ఒక్క ఆశ మిగిలిందని గుర్తొచ్చింది. సంచి. ఈ భూమ్మీద దాన్ని గుర్తుపట్టగల మనిషి ఇక్కడే ఉంది. “హుస్సేన్‌బీ! ఇలా రామ్మా. ఈ సంచి ఎవరు కుట్టారో, ఎవరికి కుట్టారో ఒక్క ముక్క చెప్పు. నువ్వు చెప్తే చాలు.”

ఆమె వచ్చింది. సంచిని చేతుల్లోకి తీసుకుంది. తన పెళ్ళినాటి చీర ముక్క మీద వేలు ఆగింది. మొగుడి లుంగీ పీలిక మీద, ఎర్రదారం కుట్టు మీద నెమ్మదిగా తడుముకుంటూ పోయింది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. ఆ చూపు చూశాక ఆమెకి ఇంతకుముందు ఏమీ తెలియదని నాకు తెలిసింది. నాగూర్ పెదవులు మాత్రం కదిలాయి. అక్కా, అన్నాడు. చప్పుడు లేదు.

గుర్రపుశాల వైపునుంచి రసూల్ వస్తున్నాడు. ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ, ఏం జరిగిందో తెలియక అందరి ముఖాలూ చూస్తూ. ఆమె అతన్ని చూసింది. విడుదలైన మనిషి. ఇక ఆమెకి పోగొట్టుకోవడానికి మిగిలింది తమ్ముడొక్కడే.

“చెప్పమ్మా,” అన్నాను. బతిమాలాను.

సంచిని కారు మీద పెట్టింది. కొంగు తలమీదికి లాక్కుంది.

“నేనెప్పుడూ చూల్యా సార్,” అంది.

నావంక చూడకుండా మొగుడి దగ్గరికి నడిచింది. రసూల్ ఒక్కసారి ఆగి, కారు మీది సంచినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. రోజూ చూసే సంచేగా అది. నోరు తెరవబోయాడు. హుస్సేన్‌బీ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

నన్ను దాణా గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. పోలీసులు వచ్చేదాకా అన్నాడు రామచంద్రరావు తలుపవతల నుంచి, ఈసారి మాస్టారూ అనకుండా. అసర్ పిలుపు మొదలైంది. పక్క గదిలో గుర్రం కాలు తన్నింది. దాన్ని పేరు పెట్టి ఊరుకోబెట్టడం నాకు రాదు. రసూల్ కూర్చున్న గోనెసంచి ఇంకా నొక్కుకునే ఉంది. దాని మీదే కూర్చున్నాను.